తుండు కింద జ్వరం

బుధవారం బేరం జరిగి తీరాలి. మంగళవారం పొద్దున్నే యారాడ కొండ మీద నల్లటి మబ్బు కూర్చోవడం చూసినప్పటినుంచీ వరహాలమ్మ నోట్లో ఆ ఒక్క మాటే ఆడుతోంది.

రేవు పక్కన ఎండుచేపల యార్డులో వేసవి కష్టమంతా కుప్పలుగా పడి ఉంది. నెత్తళ్ళు, సావళ్ళు, కవ్వళ్ళు. బీచి పేటల ఆడవాళ్ళు ఎండలో నడుం వంచి, ఇసకలో తిరగేసి మరగేసి ఎండబెట్టిన సరుకు. అమ్మిపెట్టే పూచీ వరహాలమ్మది. పాత ఊరి వర్తకుడు సిరాజ్ లారీలు బుధవారం వస్తాయి. అక్కణ్ణుంచి ఆ సరుకు రైలెక్కి అస్సాం దాకా పోతుంది. ఈలోగా వాన పడిందా, తడిసిన ఎండుచేపకి ఇద్దరే గిరాకీదార్లు: ఈగలు, పిల్లులు.

వరహాలమ్మకి లోకమంతా కాటా మీదే కనిపిస్తుంది. మనిషిలో కొంత నికరం, కొంత తరుగు. మొగుడు సముద్రంలో పోయిన ఏడు తన జీవితానికి రావలసిన తరుగంతా ఒక్కసారే తీసేశారని లెక్క వేసుకుంది. ఇక మిగిలిందంతా నికరమే కాబట్టి ఏడవడం మానేసి వ్యాపారంలోకి దిగింది.

కానీ ఈ ఏడు, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, లెక్కకి అందనిదొకటి ఊళ్ళోకి వచ్చింది. మల్కాపురం క్వార్టర్సులో, రేవు షెడ్లలో, పాత ఊరి సందుల్లో ఇంటింటా జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులు. యార్డులో దళారులు ఒకరి తరవాత ఒకరు మంచం ఎక్కారు. ఎండుచేపల కంపు వల్లే జ్వరాలని పై వీధుల వాళ్ళు అర్జీ పెట్టారు. ఆ అర్జీ వెనకాలే స్కూటరు మీద డిస్పెన్సరీ డాక్టరు శ్రీరామ్మూర్తి వచ్చాడు. మనిషి మెత్తన, మాట తిన్నన.

“అమ్మా, ఇవాళ సాయంత్రం నుంచి యార్డు మూయించాల్సి వచ్చేలా ఉంది. జ్వరాలు తగ్గాక తెరుద్దాం” అన్నాడు.

వరహాలమ్మ చేతిలో తక్కెడ పళ్ళెం అలాగే ఆగిపోయింది. “ఏటి బాబూ, మూసేత్తారా? ఆ మబ్బు సూడండి. మూసేత్తే ఈ సరుకు ఎవలి నెత్తిన పోయమంటారు?”

“నిన్న ఒక ముసలాయన్ని నిమోనియాతో పెద్దాసుపత్రికి పంపించానమ్మా. ఆయనా మీ దళారే.”

“అయితే మీరూ కంపు వల్లే అంటన్నారా?”

“కంపు వల్ల జ్వరం రాదు. ముక్కు మూసుకోవాల్సి వస్తుందంతే. ఇది ఫ్లూ. వైరస్ వల్ల వస్తుంది.”

ఆ పేరు వరహాలమ్మ అదే మొదటిసారి వినడం. కొత్త సరుకు యార్డులో దిగితే ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. ఎక్కడిది, ఎలా వస్తుంది, ఎంత కాలం నిలవుంటుంది?

“అదేటి, పురుగా?”

“పురుగు కన్నా చాలా చిన్నది. మనిషి ఒంట్లో దూరితేగాని పెరగలేదు. జ్వరం ఉన్నవాడు దగ్గినా తుమ్మినా, దగ్గరగా మాట్లాడినా నోట్లోంచి సన్నటి తుంపర వస్తుంది చూడు, దాని మీదెక్కి పక్కవాడి ముక్కులోకి పోతుంది.”

“ఎంత దూరం పోద్ది?”

“బారెడు దూరం అనుకో. మూసిన గదిలో ఇంకాస్త. చేతికి చీమిడి అంటితే ఆ చేత్తో కూడా వెళ్తుంది.”

“సూదిమందు ఏసేత్తే?”

“దీన్ని చంపే సూదిమందు నా దగ్గర లేదమ్మా. ఒళ్ళే దాన్ని గెలవాలి. పడుకోవాలి, నీళ్ళు తాగాలి. ఇంకో చిక్కుంది. జ్వరం పైకి తెలియకముందు రోజే, గొంతు కాస్త గరగరలాడుతుండగానే మనిషి పక్కవాళ్ళకి అంటించేస్తాడు.”

“అయితే దానికి అడ్డేటి?”

“దూరం, గాలి, సబ్బు. జ్వరమున్నవాడు ఇంట్లో ఉండడం.”

వరహాలమ్మ దాన్ని తన లెక్కలోకి మార్చుకుంది. “అంటే మొకం మొకం దగ్గరెట్టుకుంటేనే దాని బేరం సాగుద్ది. ఎడంగా ఉంటే దానికి గిరాకీ నేదు.”

“అంతే.”

“మరైతే మా ఆడోళ్ళెందుకు పడనేదు బాబూ? అదిగో సీతాలు. పొద్దున్నించీ గొంతు సించుకుని అరుత్తంది. దానికేం రానేదు. బండోళ్ళకి రానేదు. దళారోళ్ళకే ఎందుకొత్తంది?”

కుప్ప మీద ఈగలు తోలుతున్న సీతాలు అక్కణ్ణుంచే అందుకుంది. “ఆడోళ్ళని సూసి బయపడిందేటో అక్కా ఆ జెరం!”

డాక్టరు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నా దగ్గరికి మందుకి వచ్చేవాళ్ళనే నేను చూశాను. రానివాళ్ళెవరో నాకు తెలియదు. నువ్వు చెప్పింది నిజమైతే ఈ యార్డులో అంటుకునే చోటు ఒకటి ఉందన్నమాట. సాయంత్రంలోగా ఆ చోటు చూపించు వరహాలమ్మా. ఆ ఒక్కటీ మూస్తే సరిపోతుందనిపిస్తే, యార్డు జోలికి రాను.”

“మాటేనా?”

“మాటే.”

బేరం కుదిరింది. వరహాలమ్మ చీర చెంగు నడుముకి బిగించింది.

ముందు టీ బడ్డీ దగ్గర నిలబడింది. ఒకే గ్లాసులో అందరూ తాగుతున్నారు, గ్లాసు కడిగే నీళ్ళు చూస్తే కడుపులో తిప్పుతుంది. మంచిది కాదు, అది వేరే సంగతి. కానీ సీతాలూ అక్కడే తాగుతుంది. కొట్టేసింది. బీడీలు? బండివాళ్ళు ఒకే బీడీ ముగ్గురు పీలుస్తారు. వాళ్ళలో ఎవరూ పడలేదు. అదీ కొట్టేసింది. ఐసు గోదాము? అక్కడికి దళారులకేం పని?

ఏం పని?

ఆ ప్రశ్న దగ్గరే ఆగింది. సరిగ్గా అప్పుడే ఐసు గోదాము వెనక నుంచి చలమయ్య వస్తున్నాడు. చలమయ్య ఆమె మొగుడికి అన్న, వరసకి బావ. యార్డులో పాత దళారి. ఇరవై ఏళ్ళుగా వరహాలమ్మ సరుకుకి బేరమాడేది ఆయన చెయ్యే. ఆయన రెండు చేతులూ భుజం మీది తుండుకి తుడుచుకుంటూ వచ్చి, ఒక చిల్లర కొనుగోలుదారు ముందు నిలబడ్డాడు.

యార్డులో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి దళారీ, కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి, మధ్యలో ఒక తుండు కప్పి, దాని కింద చేతులు కలుపుతారు. ఒక వేలు నొక్కితే ధర ఒక మెట్టు పెరిగినట్టు. అరచెయ్యి గీకితే కుదరదని. మణికట్టు పట్టుకుంటే ఖాయం. పక్కవాడు వేళ్ళ కదలిక కూడా పసిగట్టకూడదని ఇద్దరూ వంగి, తలలు ఆనించి, చెవిలో గుసగుసలాడుతూ ఉంటారు. ఒక్కో బేరం చుట్ట కాల్చి పారేసినంత సేపు పడుతుంది. ఆడదాని చెయ్యి మగవాడి చేతిలో పెట్టే ఆచారం లేదు కాబట్టి తుండు కిందికి ఆడవాళ్ళు వెళ్ళరు. దూరంగా నిలబడి సరుకు గొప్ప అరుస్తారు.

ఈ తంతు వరహాలమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నదే. ఇవాళ మాత్రం బావ నోటికీ కొనేవాడి నోటికీ మధ్య ఉన్న జానెడు జాగానే చూసింది. బారెడు కాదు. జానెడు!

పరుగులాంటి నడకతో వెళ్ళి, బేరం మధ్యలోనే తుండు లాగేసి చలమయ్య చెయ్యి పట్టుకుంది.

“ఏటే వరాలూ, ఇదేం పని! బేరం నడుత్తంటే!”

చెయ్యి చల్లగా, మంచులా ఉంది. మణికట్టు దాటి పైకి తడిమింది. మోచెయ్యి దగ్గర కాలే పెనం.

“ఓరి నాయనో! బావా, ఒల్లు కాలిపోతంది, సెయ్యి సూత్తే సల్లగుంది. ఏటిది?”

చలమయ్య అటూ ఇటూ చూశాడు. దగ్గు ఆపుకోలేకపోయాడు. కొనేవాడు వెనక్కి జరిగాడు.

“అరవకే. ఐసులో ఎట్టుకుని వత్తన్నాను. సెయ్యి ఏడిగా తగిలితే కొనీవోడు ఏటనుకుంటాడు? అమ్మీవోడు గాబరా పడతన్నాడని ఒక ఏలు తగ్గించేత్తాడు. రేపు సిరాజ్ ఒత్తాడు. ఆడి ఏళ్ళకి కళ్ళుంటాయి. నీ సరుకు తక్కువకి పోతే నాను సూడగల్నా?”

“నువ్వొక్కడివేనా, అందరూనా?”

“అందరమూనే. దళారన్నోడు జెరమని సెప్పుకుంటాడేటే?”

వరహాలమ్మకి కోపం, జాలి, ఆనందం మూడూ ఒకేసారి పొంగాయి. చోటు దొరికింది! జ్వరం వచ్చినవాడల్లా ఐసులో చెయ్యి ముంచుకుని తిన్నగా తుండు కిందికి వచ్చి, రోజంతా మనిషి మనిషికీ పంచుతున్నాడు. వేడిని దాచారు గాని, ఊపిరిని ఐసులో ఎవరు ముంచగలరు?

డాక్టరు వచ్చి చలమయ్య వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. “ఇంకా ఊపిరితిత్తుల్లోకి దిగలేదు. ఈ వయసులో ఇప్పుడే పడుకుంటే తేలిగ్గా బయటపడతారు. రేపు నిలబడి బేరమాడితే మాత్రం నేను పూచీ పడను.”

“పడుకుంటే రేపు బేరమెవులాడతారు?” అన్నాడు చలమయ్య.

వరహాలమ్మ జవాబు చెప్పడానికి తడుముకోలేదు. “సేపలు మళ్ళీ పడతాయి బావా. నువ్వు పడవు. ఇంటికెల్లు. ఇంట్లో తాయారక్కని గుమ్మం కాడే కూకోమను, కిటికీ తెరిసి ఎట్టమను.”

మాట అన్నంత సులువుగా కాలేదు పని. తుండు బేరం ఆగితేనే యార్డు తెరిచి ఉంటుందని డాక్టరు చెప్పగానే, నిలబడగలిగిన దళారులంతా పోగయ్యారు. వాళ్ళ పెద్ద సన్యాసిరాజు మీసం దువ్వాడు.

“తుండు తీసేత్తే ఇది ఎండుసేపల యార్డు అవదు డాక్టరు బాబూ, కాయగూరల బజారు అయిపోద్ది. ఒకడికిచ్చిన దర ఇంకోడికి తెలిసిపోతే కొనీవోడు రాడు. అంతకన్నా మూసేయండి.”

“అవును, మూసేయండి!” అన్నారు వెనకవాళ్ళు, దూరం దూరంగా నిలబడమన్నా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని.

వరహాలమ్మ మబ్బు వైపు చూసింది. ధర దాగాలి, మనుషులు దగ్గరవకూడదు. ఈ రెండూ ఒకే కాటాలో ఎలా తూగుతాయి? ఆమె చూపు కుప్పల పక్కన చుట్ట చుట్టి పడేసిన వల తాడు మీద పడింది. చిన్నప్పుడు అయ్యతో పడవలో కూర్చుని గేలపు తాడు పట్టుకునేది. నీటి అడుగున గేలాన్ని తాకింది ఏ చేపో, కళ్ళు మూసుకునే చెప్పేది. తాడు అబద్ధం ఆడదనేవాడు అయ్య.

“సన్యాసిరాజు బావా, ఈ కొస పట్టుకో” అంది. తాడుని కుప్పల మధ్య పరిచి, పైన తాటాకు చాపలు కప్పించింది. సన్యాసిరాజు ఒక చివర, తను ఇంకో చివర. మధ్యలో ఎద్దుబండి పట్టేంత ఎడం. ఇద్దరి కుడిచేతులూ చాపల కింద. “ఏలికి ఒక గుంజు. అడ్డంగా ఊపితే కుదరదని. బిగలాగి పట్టుకుంటే కాయం. కానీ, నీ ఇష్టమొచ్చిన దర సెప్పు.”

సన్యాసిరాజు వెటకారంగా గుంజాడు. చాప కదల్లేదు. వరహాలమ్మ ఎడం చెయ్యి పైకెత్తి మూడు వేళ్ళు చూపించింది.

సన్యాసిరాజు మీసం మీదున్న చెయ్యి దిగిపోయింది. మళ్ళీ గుంజాడు, ఈసారి మోసం చేద్దామని మరీ సన్నగా. ఆమె రెండు చూపించి, “ఆ రెండోది దొంగ గుంజు. సగం లాగి ఆపీసినావు” అంది.

యార్డంతా ఘొల్లుమంది. “ఓసి నీ తెలివి తగలెయ్యా! నాకివ్వండి, నాకివ్వండి” అంటూ దళారులు తాడు కోసం పోటీ పడ్డారు. డాక్టరు రెండు చేతులూ ఎత్తి అందర్నీ విడదీశాడు.

“ఇంకొక్క మాట. ఆ తుండ్లు పారేయకండి. ముక్కూ నోరూ కప్పి వెనక ముడేసుకోండి. రోజూ ఉతకండి. బేరానికి ముందూ వెనకా చేతులు సబ్బుతో కడగండి. ఒళ్ళు వెచ్చబడ్డవాడు ఇంటికి. ఐసు చేపలకి మాత్రమే!”

బుధవారం పొద్దున్న మబ్బు కొండ దిగి రేవు మీదికి వచ్చింది. గాలి చల్లబడింది. సిరాజ్ లారీలు గేటు దగ్గర ఆగాయి గాని, లోపలికి రాలేదు.

వరహాలమ్మ గేటు వైపు వెళ్ళబోతుంటే ముందు లారీ వెనక ఖాళీ తొట్టిలోంచి సిరాజ్ చెయ్యి ఊపాడు. మొహానికి రుమాలు కట్టుకుని ఉన్నాడు.

“అక్కడే ఆగు వరహాలమ్మా! పొద్దుటినుంచీ నాకు గొంతులో గరగరగా ఉంది. నిన్న నువ్వు పంపిన కబురు విన్నాను. తుండు బేరమైతే గుట్టుగా వచ్చేసి నిలబడీవోణ్ణి, ఖుదా సాచ్చిగా. తాడు బేరమంటే దాచడం దేనికని డ్రైవర్ని కూడా దించేసి ఇక్కడ ఒంటరిగా కూకున్నాను. నాను తిరిగి పోనా?”

దాచిన జ్వరం యార్డుని ముంచబోయింది. చెప్పిన జ్వరం ఎదురుగా, చెయ్యి ఊపుతూ కూర్చుంది. ఈ రెండింటి తేడా ఎంతో వరహాలమ్మకి కాటా అక్కర్లేకుండానే తెలిసింది.

“ఎక్కడికి పోతావు సిరాజ్ భాయ్! తాడు మన కాడ సానా ఉంది. సీతాలూ, ఇంకో సుట్ట అతకండే! సాపలు పరవండి!”

ఆడవాళ్ళు ఉరికారు. తాడుకి తాడు ముడేశారు. కుప్పల మధ్య నుంచి గేటు దాకా చాపలు పరిచారు. ఒక కొస లారీలోకి విసిరారు. డాక్టరు గేటు దగ్గర నిలబడి, “బేరం అవగానే తిన్నగా ఇంటికీ, మంచానికీ” అని అరిచాడు. సిరాజ్ సలాం చేశాడు.

రెండో కొస ఎవరు పట్టుకోవాలి? దళారులు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. అంత పొడుగు తాడు, మధ్యలో ముడి, పైన గాలి. సన్యాసిరాజు తుండు కట్టిన మూతితో గొణిగాడు: “నాను పట్టనమ్మా. గుంజేదో గాలేదో తెలీదు. చలమయ్య ఉంటే బాగుణ్ణు.”

వరహాలమ్మ చాప పక్కన మఠం వేసుకుని కూర్చుని తాడు చేతికి చుట్టుకుంది. ఇరవై ఏళ్ళలో ఆమె సరుకుకి ఆమె చెయ్యే బేరానికి దిగడం అదే మొదలు.

గుంజు. మళ్ళీ గుంజు. అంతే. సిరాజ్ ఎప్పుడూ తక్కువలోనే మొదలెడతాడు. ఆమె అడ్డంగా ఊపింది. తను అడిగేది గుంజింది. అటునుంచి అడ్డం. యార్డంతా ఊపిరి బిగబట్టి, కదలని చాపల వైపు చూస్తోంది. ముడి దగ్గర గుంజు కాస్త మెత్తబడి వస్తోందని ఆమె వేళ్ళు కనిపెట్టాయి. ఆ మెత్తదనాన్ని తరుగు కింద తీసేసి లెక్క వేసుకుంటోంది. సిరాజ్ ఒక వేలు పెరిగాడు. ఆమె దిగలేదు. ఇంకో వేలు పెరిగాడు. మొహాన ఒక చినుకు పడింది. సీతాలు, “అక్కా, వానే!” అంది. వరహాలమ్మ మళ్ళీ అడ్డంగా ఊపింది.

అప్పుడు తాడు ధడాలున లాగింది. ఆ వెంటనే లారీలోంచి తుమ్ము, రేవంతా మోగేలా.

ఆమె అడిగిన ధర అదే! ఆ ఒక్క గుంజుతో సరిగ్గా అక్కడికి వచ్చింది. బిగలాగి పట్టుకుంటే ఖాయం. తాడు పట్టుకున్న వేళ్ళు బిగుసుకోబోయాయి. ఆగింది. తుమ్మి కొన్నవాడు రేపు మళ్ళీ రాడు.

“సిరాజ్ భాయ్! అది దరా, తుమ్మా?”

లారీలోంచి ముక్కుదిబ్బడ గొంతు. “తుమ్మే!”

“అయితే అది నువ్వే ఉంచుకో. నాకొద్దు!”

యార్డు పగలబడి నవ్వింది. డాక్టరు గేటు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. నవ్వులు తగ్గేసరికి తాడు మళ్ళీ కదిలింది. ఈసారి నింపాదిగా, ముడి మెత్తదనం కూడా లెక్కలో పెట్టుకున్నట్టు బలంగా, ఒక్క గుంజు. సరిగ్గా ఆ తుమ్ము మెట్టే. తరవాత తాడు బిగిసి అలాగే నిలబడింది.

వరహాలమ్మ కూడా బిగలాగి పట్టుకుంది. “లోడెత్తండి!”

ఆ తరవాత కాళ్ళు నేల మీద ఆనినవాళ్ళు లేరు. కొనేసిన సరుకు కూలీలు మోశారు, ఆడవాళ్ళు మోశారు, మీసం మీద తుండు కట్టుకుని సన్యాసిరాజూ మోశాడు. చివరి లారీకి టార్పాలిన్ బిగించేసరికి వాన గట్టిగా దిగింది. ఖాళీ చాపల మీద పడి పటపటలాడింది. సిరాజ్ పట్టుకున్న కొసని డాక్టరు చెప్పినట్టు కోసి, పొయ్యిలో పడేశారు.

మిగిలిన తాడు భుజాన వేసుకుని, తడుస్తూ వరహాలమ్మ చలమయ్య ఇంటికి వెళ్ళింది. అరుగు మీదే ఆగిపోయింది. గుమ్మం దగ్గర కూర్చున్న ఆయన భార్య తాయారు పక్కకి జరిగింది. తెరిచిన కిటికీ కింద మంచం మీద చలమయ్య మోచేతుల మీద లేచాడు. మొహాన చెమట. జ్వరం దిగుతున్నట్టుంది.

“ఎంతకి పోయిందే?”

ధర నోటితో చెప్పరు. వరహాలమ్మ తాడు కొస మంచం మీదికి విసిరింది. చలమయ్య అర్థం కానట్టు చూసి, పట్టుకున్నాడు. ఆమె అరుగు మీంచే గుంజింది. ఆయన కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. ఒక్కో గుంజుకీ కనుబొమలు పైకి లేస్తున్నాయి. చివరిది పడగానే కళ్ళు తెరిచేశాడు.

“ఆ మెట్టు దాకా సిరాజ్ నా సేతికి ఎప్పుడూ రానేదే! ఆ ఆకరిది ఎలగ రాబట్టినావు?”

“తుమ్మించి” అంది వరహాలమ్మ.